180 డిగ్రీల హింజ్: నాలుగేళ్లు వాడాక

ప్రాసెసర్, ర్యామ్, బరువు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. ఈ లాప్‌టాప్‌లో నేను చెప్పాలనుకున్నది ఒక్క హింజ్ గురించే, అంటే మూతని కింది భాగానికి కలిపే బందు గురించే. కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ దాన్ని తెగ పొగిడాను. మూత బల్ల మీద పూర్తిగా వాలుతుంది, ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఏదైనా చూపించడం తేలిక, ఒంటి చేత్తో తెరవొచ్చు. ఇవన్నీ ఇప్పటికీ నిజమే. కాకపోతే బోర్డు నుంచి స్క్రీన్‌కి బొమ్మ తీసుకెళ్లే డిస్‌ప్లే కేబుల్ ఆ హింజ్ పక్కనుంచే పైకి వెళ్తుందనీ, మూత తీసి వేసిన ప్రతిసారీ అక్కడే మెలిక పడుతుందనీ షోరూంలో ఎవరూ చెప్పరు. నా మంటంతా ఆ కేబుల్ మీదే.

మొన్న వానాకాలంలో ఒక సోమవారం పొద్దున పవర్ నొక్కితే స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. పది గంటలకి మీటింగ్. కీబోర్డు లైట్లు వెలిగాయి, ఫ్యాన్ తిరుగుతోంది, క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోంది. అంటే బోర్డు ప్రాణాలతోనే ఉంది. ఛార్జర్ పీకేసి పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకున్నా మార్పు లేదు. గది చీకటి చేసి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూశాను. లీలగా ఐకాన్లు కనిపిస్తే బ్యాక్‌లైట్, అంటే స్క్రీన్ వెనక వెలిగే లైటు, పోయినట్టు. నాకు ఏమీ కనిపించలేదు. హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే మాత్రం డెస్క్‌టాప్ శుభ్రంగా వచ్చింది, మీటింగ్ దాంతోనే గట్టెక్కింది. (చాలా డెల్ మోడళ్లలో ‘డి’ కీ నొక్కి ఉంచి పవర్ నొక్కితే స్క్రీన్ నిండా రంగులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ప్యానెల్ బాగుందో లేదో అక్కడే తేలిపోతుంది. నాది ఆ కంపెనీ కాదు.)

సర్వీస్ సెంటర్‌లో అబ్బాయి ఆన్ చేశాడు, చూశాడు, కంప్యూటర్‌లో ఏదో కొట్టాడు. “డిస్‌ప్లే అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్, పదహారు వేలు అవుతుంది, జీఎస్టీ వేరే.” విప్పి చూడరా అంటే, వారంటీ అయిపోయింది కదా, విప్పాలంటే దానికీ ఛార్జీ ఉంటుందన్నాడు. కేబుల్ ఒక్కటే మార్చరా అని అడిగాను. విడిగా రాదట.

ఇంటికొచ్చి విసుగ్గా మూత వేయబోతుంటే, సగం పైగా వాలాక లోపల తళుక్కుమంది. వంగి సందులోంచి చూస్తే నా వాల్‌పేపరే! మెల్లగా పైకెత్తాను. ముందు అడ్డగీతలు, తర్వాత గులాబీ రంగు, మామూలుగా చూసే ఎత్తుకి వచ్చేసరికి మళ్లీ నలుపు. ప్యానెలే పోయుంటే మూత కోణాన్ని బట్టి ఇలా వచ్చిపోదు.

శనివారం కార్పొరేషన్ దగ్గర బస్సు దిగి, బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి నడిచాను. మెట్లెక్కి వెళ్లాల్సిన చిన్న కొట్టు. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, కొట్టు నడిపే ఆయన కూడా తెలుగులోకి దిగాడు. ఆయన అడిగిన మొదటి మాటే నాకు నచ్చింది: “మూత ఎంత ఎత్తితే పోతాంది సార్?”

కింది కవర్ తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. బ్యాక్‌లైట్‌కి వెళ్లే కరెంటు కూడా ఈ కేబుల్‌లోనే ఉంటుంది, బ్యాటరీ ఉండగా ముట్టుకుంటే బోర్డు మీది ఫ్యూజ్ కొట్టేయొచ్చు. ఇంట్లో విప్పాలనుకునేవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. తర్వాత ప్లాస్టిక్ ముక్కతో స్క్రీన్ చుట్టూ ఉన్న ఫ్రేము లేపి, కేబుల్ బయటికి తీసి లైటు కింద పెట్టాడు. నల్ల గుడ్డ టేపు చుట్టిన సన్నటి కట్ట. హింజ్ దగ్గర మడత పడిన చోట టేపు అరిగి, లోపల వెంట్రుకల్లాంటి తీగలు బయటపడ్డాయి. రెండు తెగాయి, ఒకటి తెగడానికి సిద్ధంగా ఉంది.

“కెమెరా కూడా అప్పుడప్పుడు పోయిండాలే?”

పోయింది. వేసవి నుంచీ కాల్ మధ్యలో నా ముఖం మాయమయ్యేది, అందరూ డ్రైవర్ (కెమెరాని నడిపించే సాఫ్ట్‌వేర్) మార్చమనేవాళ్లు. నా మోడల్‌లో కెమెరా తీగలు కూడా ఈ కట్టలోనే వెళ్తాయట. స్క్రీన్ పోవడానికి నెలల ముందే కేబుల్ సంగతి చెబుతూనే ఉందన్నమాట. మీ లాప్‌టాప్‌లోనూ మూత కదిపినప్పుడల్లా కెమెరా పోయి వస్తుంటే డ్రైవర్ల వెంట పడకుండా అటువైపు ఒకసారి చూడండి.

కేబుల్ 1,400, కూలి 600. రెండు వేలతో తేలిపోయింది, కెమెరా కూడా దారికొచ్చింది. అయితే ఇది కంపెనీ కేబుల్ కాదు, ఎన్నాళ్లు నడుస్తుందో చూడాలి. ఫ్రేము క్లిప్పు ఒకటి విరిగి, కుడి మూల నొక్కితే కిర్రుమంటోంది. ఒంటి చేత్తో మూత తెరిచే సరదా మానేశాను. అలా తెరిస్తే లాగే బలమంతా ఒక మూల హింజ్ మీదే పడుతుంది. ఇప్పుడు మధ్యలో పట్టుకుని లేపుతున్నా.

కొనొచ్చా అంటే, నాలా బల్ల మీద పెట్టి పొద్దున తెరిచి రాత్రి మూసేవాళ్లకి పర్వాలేదంటాను. కీబోర్డుకి ఇప్పటికీ వంక పెట్టలేను. క్లాసు క్లాసుకీ బ్యాగ్‌లోంచి తీసేవాళ్లకి మాత్రం గట్టిగా చెప్పలేను. పైగా నాకు ఎస్పీ రోడ్డు బస్సు దూరంలో ఉంది. నంద్యాలలో మా ఇంటి దగ్గరైతే కేబుల్ ఆర్డర్ పెట్టి ఎదురుచూడటమే. మా చెల్లికి ఈ కథంతా చెప్పి, మూత మామూలుగా తెరుచుకునేది ఏదైనా చూసుకోమన్నాను. అది 360 డిగ్రీలు తిరిగేదాని లింకు పంపింది.