సెడ్జ్‌లీ మైల్డ్ కోసం బ్లాక్ కంట్రీకి

మైల్డ్ అనే పాతకాలపు ఇంగ్లిష్ బీరు తాగి చూడాలని ఉంటే లండన్‌లో వెతకకండి. బర్మింగ్‌హామ్‌కు పడమటి వైపున్న బ్లాక్ కంట్రీకి వెళ్లండి. బొగ్గు గనులు, ఇనుప కొలుములతో బతికిన ప్రాంతం అది. టైటానిక్ ఓడ పెద్ద లంగరు అక్కడి నెదర్టన్‌లోనే తయారైంది. కొలిమి దగ్గర చెమటోడ్చినవాళ్లు పని అయ్యాక గ్లాసుల కొద్దీ తాగిన బీరు మైల్డ్. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు తక్కువ కాబట్టి చేదు తక్కువ, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి ఎక్కువ.

ఇప్పుడు దొరికే మైల్డ్ చాలావరకు 3, 3.5 శాతం ఆల్కహాల్‌తోనే ఉంటుంది. పూర్వం ఇంత పలచన కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ధాన్యం పొదుపు చేయాలని ప్రభుత్వం పెట్టిన ఆంక్షలు, పెంచిన పన్నులు దాని బలం తగ్గించాయి. ఆ పాత బలం ఎలా ఉండేదో తెలియాలంటే సెడ్జ్‌లీలోని బీకన్ హోటల్‌కు వెళ్లాలి. పేరులో హోటల్ ఉన్నా అది పబ్బే. 1921లో సారా హ్యూస్ అనే ఆవిడ దాన్ని కొన్నారు. మధ్యలో ఆగిపోయిన బీరు తయారీని మనవడు 1987లో మళ్లీ మొదలుపెట్టారు. వెనకాలే విక్టోరియా కాలపు టవర్ బ్రూవరీ ఉంది. సరుకు పై అంతస్తుకు చేరాక, అక్కడి నుంచి ఒక్కో దశా దాటుకుంటూ కిందికి దిగుతుంది. ఇక్కడి డార్క్ రూబీ మైల్డ్ 6 శాతం. ఎర్రటి నలుపు, ఎండుద్రాక్ష లాంటి తీపి. చిన్న కిటికీలోంచి గ్లాసు అందిస్తారు. పాత గదులను ఎక్కడా పాడుచేయలేదు. నేను చూసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

నెదర్టన్‌లోని ఓల్డ్ స్వాన్‌కు హంస బొమ్మ ఉన్న ఎనామెల్ పైకప్పు కోసమైనా వెళ్లొచ్చు. 1970ల మొదట్లో దేశం మొత్తం మీద సొంత బీరు తయారుచేసుకునే పబ్బులు నాలుగే మిగిలితే అందులో ఇదొకటి. బ్రయర్లీ హిల్‌లోని వైన్ (Vine) అనే పబ్బులో బాథమ్స్ బ్రూవరీ మైల్డ్ తేలిగ్గా, తాజాగా ఉంది. కానీ అక్కడ అందరి చేతుల్లోనూ బిట్టర్ అనే మరో రకం బీరే.

బసకు వుల్వర్‌హాంప్టన్ నయం. అక్కడి నుంచి డడ్లీ వెళ్లే బస్సు సెడ్జ్‌లీ మీదుగానే పోతుంది, టికెట్‌కు బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు. మొదట బర్మింగ్‌హామ్ నడిబొడ్డున గది తీసుకుంటే రాత్రంతా రోడ్డు గోలకు నిద్ర లేదు, అద్దె కూడా ఎక్కువే. పాత పబ్బులు కొన్ని మధ్యాహ్నం మూసేస్తారు, టైమింగ్స్ ముందే చూసుకోండి. తిండి కూడా అక్కడ పెద్దగా ఉండదు, చీజ్, ఉల్లిపాయ పెట్టిన గుండ్రటి బన్ లాంటివే. కడుపు నిండాలంటే స్మెదిక్, వెస్ట్ బ్రామిచ్‌లలో పంజాబీలు నడిపే దేశీ పబ్బులున్నాయి. ఫౌండ్రీ పనులకు వలస వచ్చినవాళ్లతో మొదలైన ఆ పబ్బుల్లో మిక్స్‌డ్ గ్రిల్ పొగలు కక్కుతూ వస్తుంది, కారం మన నోటికి సరిపోతుంది.