ఫ్లీస్ చలికోటుపై మిషన్ అలంకారం: నిండు కుట్టా, విడి కుట్టా?

శ్రీకాకుళంలో ఫ్లీస్ చలికోటును ఇంట్లోనే కుట్టుకునేవారు దాని అంచులకూ జేబులకూ మిషన్ మీద అలంకారం చేయదలిస్తే రెండు దారులున్నాయి: ఆకులు, పూలరేకులు దట్టంగా నింపే శాటిన్ కుట్టు ఒకటి, ఈకలాగానో అలలాగానో సాగిపోయే విడి కుట్టు మరొకటి.

మన పొందూరు ఖాదీ వంటి నేత బట్టపై శాటిన్ కుట్టు చక్కగా నిలబడుతుంది. ఫ్లీస్ సంగతి వేరు. అది పాలిస్టర్ దారంతో అల్లిన, అడ్డంగా సాగే, పైన నూగు లేచిన బట్ట కనుక, దట్టమైన కుట్లు ఆ నూగులో కూరుకుపోవడమే కాక, సూది పదేపదే ఒకేచోట దిగడం వల్ల అంచు సాగిపోయి వంకర్లు తిరుగుతుంది. అయినా ఆ నిండుదనమే కావాలనుకుంటే, బట్ట సాగకుండా పట్టి ఉంచే, కుట్టాక చింపితే ఊడివచ్చే స్టెబిలైజర్‌ను అడుగునా, పైన నీటిలో కరిగే పల్చని పొరనూ ఉంచి కుట్టాలి. పైపొర నూగును అణచి ఉంచుతుంది కాబట్టి దారం మెరుపు మరుగున పడదు.

విడి కుట్టుకు ఇంత ఏర్పాటు అక్కరలేదు. కుట్టు పొడవును 3 నుంచి 4 మి.మీ.కు పెంచి, 90 నంబరు బాల్‌పాయింట్ సూది (మొన గుండ్రంగా ఉండేది) వేసి, బట్టను అదిమిపట్టే మిషన్ పాదం ఒత్తిడి తగ్గిస్తే చాలు. చేతుల అంచులకూ మెడపట్టీకీ నేను దీనినే ఎంచుకుంటాను. శాటిన్‌ను ఒక్క జేబుకు పరిమితం చేయడం మేలు.

ఏ కుట్టయినా కోటు ముక్కలు విడిగా ఉన్నప్పుడే వేయాలి. ముందుగా మిగిలిన బట్టముక్కపై పరీక్షించడం తప్పనిసరి; ఎందుకంటే ఇస్త్రీ వేడికి ఫ్లీస్ నూగు కరిగి అణిగిపోతుంది, ముడతలను తరువాత సరిచేసుకునే వీలుండదు.