వాల్వు ఆరేళ్లు, క్లాస్ డి మూడేళ్లు: ఒకే స్పీకర్ల మీద

మా హాల్లో ఒక జత స్పీకర్లకు రెండు యాంపులు (పాట సిగ్నల్‌ని స్పీకరు మోగేంతగా పెంచే యాంప్లిఫయర్లు) వంతులేసుకుంటాయి. పెద్దది నాలుగు ఈఎల్34 రకం వాల్వుల (పాతకాలం రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి) పుష్‌పుల్, అంటే ఛానెల్‌కు రెండేసి వాల్వులు పని పంచుకుంటాయి; ఛానెల్‌కు 35 వాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ల బరువుకి ఒక్కడినే ఎత్తలేను. చిన్నది అరచేతిలో పట్టే క్లాస్ డి బోర్డు, 24 వోల్టుల అడాప్టరు మీద నడుస్తుంది.

డి అంటే డిజిటల్ అనుకుంటారు చాలామంది. యాంపు రకాలకు పేర్లు పెడుతూ ఏ, బీ, సీ అయిపోయాక మిగిలిన అక్షరం, అంతే. లోపల ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంటాయి. ఎంతసేపు ఆన్‌లో ఉన్నాయన్న లెక్కలోనే పాట దాగుంటుంది. చివర్లో కాయిలూ కెపాసిటరూ ఆ గోలంతా వడగట్టి పాటని స్పీకరుకు వదులుతాయి. పూర్తిగా ఆనో, పూర్తిగా ఆఫో తప్ప మధ్యలో నిలబడవు కనుక పెద్దగా వేడెక్కదు.

వాల్వుది వేరే కథ. ఒక్కో ఈఎల్34లో దాన్ని వేడిచేసే తీగ, అంటే హీటరు, 6.3 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు లాగుతుంది. నాలుగింటికీ కలిపి దాదాపు 38 వాట్లు ఒట్టి ఎర్రబడడానికే. పాట పెట్టకముందే మా ప్లగ్ మీటరు 150 వాట్లు దాటి చూపిస్తుంది. విజయవాడ ఎండల్లో దాని పక్కన కూర్చోవడమంటే పొయ్యి దగ్గర కూర్చున్నట్టే. కరెంటు పోతే ఇన్వర్టరు మీద క్లాస్ డి మాత్రమే.

ఇక శబ్దం. వాల్వులో గొంతుకి తడి ఉంటుందని ఆరేళ్లుగా వచ్చినవాళ్లందరికీ చెప్పాను. ఒక దసరా సెలవుల్లో మా తమ్ముడు పరీక్ష పెట్టాడు. 400 హెర్ట్జ్ టోను వేసి, స్పీకరు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరుతో రెండింటి వాల్యూమూ సమానం చేశాం. నేను గోడవైపు తిరిగి కూర్చున్నా, వాడు వైర్లు మార్చాడు. వేణువు దగ్గర పదింటికి ఆరు చెప్పగలిగాను, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. మృదంగానికి మాత్రం తొమ్మిది. ఎడమవైపు దెబ్బ క్లాస్ డిలో టక్కున ఆగిపోతుంది, వాల్వులో కాస్త సాగి గుండ్రంగా దిగుతుంది. వాల్వు యాంపు అవుట్‌పుట్ ఇంపెడెన్సు (స్పీకరు వైపు అది చూపే విద్యుత్ నిరోధం) ఎక్కువ, అందుకే స్పీకరులో కదిలే కోను మీద పట్టు తక్కువ. నేను గుర్తుపట్టింది దాని గొప్పని కాదు, లోపాన్ని! "ఆ ఎర్రదీపాలు కనబడితేనే మీకు బాగా వినబడుతుంది," అని మా ఆవిడ వంటింట్లోంచే తేల్చేసింది. అయినా రాత్రి లైట్లు ఆర్పి వింటే ఆ సాగుడే నాకు బాగుంటుంది.

తిప్పలు రెండింటికీ ఉన్నాయి. ఒక రాత్రి బయాస్ (పాట లేనప్పుడు వాల్వులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే సెట్టింగు) జారి ఒక వాల్వు లోపలి ప్లేటు, అంటే లోహపు రేకు, నిప్పులా ఎర్రబడింది. చూశాను కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి నెలకోసారి మల్టీమీటరుతో బయాస్ చూస్తున్నాను. లోపల 400 వోల్టులకు పైనే తిరుగుతుంది, స్విచ్ కట్టేసినా కెపాసిటర్లలో కాసేపు ఉంటుంది. తెలియనివాళ్లు అడుగు మూత విప్పకండి. స్పీకరు తగిలించకుండా పాట పెట్టినా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోవచ్చు. క్లాస్ డితో పాటు ఇచ్చిన అడాప్టరు కూడా రెండో ఏడే కాలింది. పైగా ఆ బోర్డు ఆన్‌లో ఉంటే పక్కనున్న ఏఎం రేడియోలో విజయవాడ కేంద్రం బరబరమంటుంది.

కొనేవాళ్లు ముందు స్పీకరు సెన్సిటివిటీ, అంటే ఒక్క వాటుకి ఎంత గట్టిగా మోగుతుందో, చూసుకోండి. 3 డెసిబెల్స్ తక్కువైతే అదే శబ్దానికి రెట్టింపు వాట్లు కావాలి. వాల్వులో వాట్లు ఖరీదు, క్లాస్ డిలో చవక. 86 డెసిబెల్స్ లాంటి తక్కువ సెన్సిటివిటీ స్పీకర్లు, పెద్ద హాలు ఉంటే వాల్వు జోలికి పోవద్దంటాను.

ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లే వాల్వులు చేసేవారు. ఇప్పుడు స్లొవేకియా నుంచో రష్యా నుంచో చైనా నుంచో రావాలి. నా నాలుగూ ముసలివైపోయాయి. మ్యాచ్ చేసిన (కొలిచి ఒకేలా ఉన్నవి ఏరిన) కొత్త వాల్వుల సెట్టు ధరకి క్లాస్ డి బోర్డూ అడాప్టరూ కొనగా ఇంకా చిల్లర మిగులుతుంది. అయినా ఆ వాల్వులకే ఆర్డరు పెట్టేశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.