ఓర్లాండోలో కారు అద్దెకి తీసుకోవాలా? మా లెక్కలు, మా తగువులు

డిస్నీ వరల్డ్ లోపలి హోటల్లో దిగి, పార్కులు తప్ప ఇంకెక్కడికీ వెళ్ళనివాళ్ళకి కారు వద్దు. ఎయిర్‌పోర్టులో అయితే అసలే వద్దు. టికెట్లు కొన్న రోజు నుంచీ మా ఆయనకి ఈ మాట చెప్తూనే ఉన్నాను. "అమ్మానాన్నలు ఉన్నారు, నాలుగేళ్ళ పిల్లాడున్నాడు, చేతిలో కారుంటే ధైర్యం" అని ఆయన వాదన. అత్తయ్యగారూ మామయ్యగారూ వైజాగ్ నుంచి వేసవికి మా దగ్గరికి, న్యూజెర్సీలో ఎడిసన్‌కి వచ్చారు. వాళ్ళ ముందు ఎంతకని వాదిస్తాం? కారు బుక్ అయింది.

ఎస్‌యూవీకి సైట్‌లో చూపించింది రోజుకి 58 డాలర్లు. పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజు, ఫ్లోరిడా రాష్ట్రం రోజుకి వేసే 2 డాలర్ల సర్‌ఛార్జి కలిపితే 81. బుక్ చేసేటప్పుడే తెలిసిన సంగతే కాబట్టి దాని గురించి ఏడవను. నా కోపమంతా ఎయిర్‌పోర్టులో కారిచ్చే కౌంటర్ మీద.

గంట పైన క్యూ. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పి, పిల్లాడికి నిద్ర. తీరా మా వంతు వచ్చాక ఆ అమ్మాయి నవ్వుతూ "మీరు బుక్ చేసిన బండి ఇప్పుడు లేదు, రోజుకి 25 డాలర్లు ఎక్కువిస్తే మినీవ్యాన్ వెంటనే ఇస్తాం" అంది. బుక్ చేసింది ఎందుకు మరి? వెయిట్ చేస్తామన్నాం. నవ్వు తగ్గింది. తర్వాత ఇన్సూరెన్స్: రోజుకి 29.99. "న్యూజెర్సీ పాలసీ ఫ్లోరిడాలో చెల్లదు" అని మొహం మీదే చెప్పింది. అది పచ్చి అబద్ధం. మీ సొంత కారుకి కొలిజన్ కవరేజీ (గుద్దుకుంటే మన బండి నష్టానికి ఇచ్చే బీమా) ఉంటే మామూలుగా అద్దె కారుకీ వర్తిస్తుంది. ఏ క్రెడిట్ కార్డుతో కడుతున్నారో దాన్నిబట్టి అదనంగా ఇంకొంత రక్షణ కూడా దొరకొచ్చు. బయల్దేరే ముందే ఏజెంట్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను, పాలసీ పేజీ ఫోన్‌లోనే ఉంది. అది చూపించాక "సరే, రిస్క్ మీదే" అని ఇంకో స్క్రీన్ మీద సంతకం పెట్టమంది. దాన్ని చదివితే, పెట్రోలు ముందే కొనేసుకుంటాం అని ఒప్పుకోలు! వద్దని టిక్ తీయించాను. మీరు వెళ్ళినప్పుడు ప్రతి స్క్రీనూ చదవండి, వెనక క్యూలో ఎంతమంది నిట్టూర్చినా సరే.

చైల్డ్ సీటు కథ ఇంకొకటి. ఫ్లోరిడాలో 5 ఏళ్ళ లోపు, 5 ఏళ్ళ పిల్లలకి సీటు తప్పనిసరి. మేం రోజుకి 13 డాలర్ల చొప్పున రిజర్వ్ చేశాం. వాళ్ళు తెచ్చింది పసిపిల్లలది, దాని నిండా ఎవరివో బిస్కెట్ ముక్కలు. అత్తయ్యగారు దాన్ని చూసి "ఇందులో మనవడిని కూర్చోబెట్టను" అని తేల్చేశారు. దానికి డబ్బు తీయించి, దార్లో ఒక సూపర్‌మార్కెట్లో 34 డాలర్లకి బూస్టర్ (పిల్లాణ్ణి కాస్త ఎత్తుగా కూర్చోబెట్టే సీటు) కొన్నాం. ఎయిర్‌లైన్స్ పిల్లల సీట్లకి చెక్-ఇన్ ఛార్జి తీసుకోవు. ఇంట్లో ఉన్నదే పట్టుకెళ్ళండి, ఊబర్‌లో వెళ్ళినా అది కావాల్సిందే.

ఇంత యుద్ధం చేసి తెచ్చుకున్న కారు హోటల్ పార్కింగ్‌లో ఎండకి ఎండి వానకి తడిసింది. మేం దిగింది డిస్నీ వాళ్ళ పాప్ సెంచరీ హోటల్లో. గదికి నలుగురే కాబట్టి రెండు గదులు, ఒక్కోటి రాత్రికి 214 డాలర్లు, పన్ను కాక. గదులు చిన్నవే గానీ శుభ్రం. డిస్నీ హోటల్లో ఉండేవాళ్ళకి రాత్రి పార్కింగ్ 2023 నుంచి మళ్ళీ ఉచితం, పార్కుల దగ్గర మామూలు పార్కింగ్ కూడా ఉచితమే. బయట ఉండేవాళ్ళకి మేం వెళ్ళినప్పుడు అదే రోజుకి 30 డాలర్లు. ఉచితమైనా కారు తీయాలనిపించదు, ఎందుకంటే గుమ్మం ముందే స్కైలైనర్ ఉంది. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ అనే రెండు డిస్నీ పార్కులకీ గాల్లో తీగల మీద వెళ్ళే క్యాబిన్లు. కైలాసగిరి రోప్‌వే ఎక్కిన అనుభవంతో అత్తయ్యగారు ముందు ఎక్కేశారు, మామయ్యగారిని మేం బతిమాలాల్సి వచ్చింది. వేసవిలో సాయంత్రం పిడుగులు పడితే దాన్ని ఆపేస్తారు, అప్పుడు బస్సు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో వెళ్దామనుకునేవాళ్ళు ఒక్క సంగతి తెలుసుకోవాలి. కారు గేటు దాకా పోదు. 1971లో పార్కు తెరిచినప్పటి నుంచీ పద్ధతి అంతే: కారు దూరంగా లాట్‌లో పెట్టి, అక్కణ్ణుంచి మోనోరైలు గానీ ఫెర్రీ గానీ ఎక్కి సరస్సు దాటాలి. హోటల్ బస్సు మాత్రం నేరుగా పార్కు ముందు దింపుతుంది, వీల్‌చైర్ వాళ్ళని ముందు ఎక్కిస్తారు. మా ఆయన పంతానికి ఒకరోజు కారులోనే వెళ్ళాం. బాణసంచా అయ్యాక నిద్రపోయిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని, ఫెర్రీ దిగి, చీకట్లో మన బండి సింబా లాట్‌లో ఉందా జాఫర్ లాట్‌లో ఉందా అని వెతుక్కుంటుంటే, మామయ్యగారు "ఒరేయ్, రేపు బస్సెక్కుదాం రా" అన్నారు. అప్పటిదాకా నేను చెప్పిందీ అదే కదా! కానీ కొడుక్కి నాన్న మాట వినిపించినట్టు పెళ్ళాం మాట వినిపించదు.

యానిమల్ కింగ్‌డమ్ వేరే సంగతి. దానికి మోనోరైలూ లేదు, స్కైలైనరూ లేదు. పొద్దున్నే వెళ్ళాలంటే కారు నయం.

ఇంకోచోట కూడా కారు పనికొచ్చింది, అది ఒప్పుకోవాలి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అని ఒక రెస్టారెంట్ ఉంది. ఆఫ్రికా వంటకి మన మసాలాలు కలిపిన రుచి. పార్కు టికెట్ అక్కర్లేదు, రిజర్వేషన్ ఉంటే చాలు. మా హోటల్ నుంచి అక్కడికి నేరుగా బస్సు లేదు, పార్కుకి వెళ్ళి ఇంకో బస్సు మారాలి. కారులో పావుగంట. కిటికీ అవతల గడ్డిలో జిరాఫీలు, టేబుల్ మీద వేడి నాన్‌లు, వాటితో చట్నీల వరస. పార్కుల్లో చప్పటి వెజ్ బర్గర్ తిని తిని మొహం మొత్తిన అత్తయ్యగారు చింతపండు చట్నీ నాలిక్కి తగలగానే మాట్లాడ్డం మానేసి తిన్నారు. టిప్పుతో కలిపి మాకు 138 డాలర్లు. ఈ ట్రిప్‌లో నేను ఆనందంగా ఇచ్చిన డబ్బు అదొక్కటే. మిగతా రోజుల్లో ఇంటినుంచి తెచ్చిన పులిహోర పొడితో గండం గడిచింది. గాజు సీసాలు, మద్యం లాంటివి లేకపోతే డిస్నీ పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్ళనిస్తారు.

కెన్నెడీ స్పేస్ సెంటర్‌కి మాత్రం కారు లేకుండా కష్టం. తూర్పుకి గంట ప్రయాణం. అపోలో వ్యోమగాములని చంద్రుడి మీదికి పంపిన రకం శాటర్న్ 5 రాకెట్‌ని ఒకదాన్ని అక్కడ పడుకోబెట్టి ఉంచారు, పొడవు 110 మీటర్లు. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం చేసి రిటైరైన మామయ్యగారు ఆ ఇంజన్ల కింద నిలబడి కదల్లేదు. మోకాళ్ళ సంగతే గుర్తు లేదాయనకి. "శ్రీహరికోట కూడా చూపించరా" అని కొడుకుని అడిగారు. తిరుగు ప్రయాణంలో ఓర్లాండో దగ్గర కాసెల్‌బెర్రీలో గుడికి కూడా వెళ్ళొచ్చాం.

డిస్నీది కాని ఇంకో పార్కు, యూనివర్సల్‌కి కారు తీసుకెళ్ళాం గానీ అక్కడ పార్కింగే 30 డాలర్లు దాటింది. పెట్రోలు, ఐ-4 రోడ్డు మీద ట్రాఫిక్‌లో మా ఆయన విసుగు కలుపుకుంటే, రానూపోనూ ఊబర్‌కి పెద్ద తేడా లేదు. 2025లో తెరిచిన వాళ్ళ కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్ అయితే పాత పార్కుల పక్కన కాదు, కొన్ని మైళ్ళ దూరంలో ఉంది. రెండూ ఒకే చోట అనుకుని కారు పెట్టకండి.

ఓర్లాండో పక్కనున్న కిస్సిమీ వైపు విల్లా తీసుకుని, రెండు మూడు కుటుంబాలు కలిసి, రైస్ కుక్కర్ పెట్టుకుని ఉండేవాళ్ళకి ఇదంతా వర్తించదు. మా వదినావాళ్ళు అలాగే వెళ్ళారు. అక్కడ పాలప్యాకెట్‌కి కూడా కారే దిక్కు. అట్లాంటా నుంచి వచ్చేవాళ్ళు సొంత కారు వేసుకుని రావడం మేలు.

మాలాగా డిస్నీ పార్కులూ, బయటి చోట్లూ రెండూ కావాలంటే, ఎయిర్‌పోర్టు నుంచి ఊబర్ ఎక్స్‌ఎల్ (ఊబర్‌లో పెద్ద బండి) ఎక్కండి. మేం దిగినప్పుడు యాప్‌లో 64 డాలర్లు చూపించింది. స్పేస్ సెంటర్‌కి వెళ్ళే రోజుకి మాత్రం ఊళ్ళో ఉన్న బ్రాంచి నుంచి కారు తీసుకోండి, అక్కడ ఎయిర్‌పోర్టు ఫీజు ఉండదు. తిరిగిచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టుని ఆనుకుని ఉన్న బంకుల జోలికి పోవద్దు. పది మైళ్ళ ముందే ట్యాంకు నింపండి.

ఇక టోల్. ఎయిర్‌పోర్టు చుట్టూ ఉన్న 528, 417 రోడ్లకి టోలుంది. మా ఈజీపాస్ (టోల్ కట్టే మా సొంత డబ్బా) అక్కడ చెల్లుతుంది కాబట్టి ఇంటినుంచి తెచ్చి అద్దంకి పెట్టాం. అయితే అద్దె కారు అద్దానికి కంపెనీ వాళ్ళ టోల్ డబ్బా ముందే ఉంది, దాని మూత తెరిచే ఇచ్చారు. రెండూ చదివింది మెషిన్. ఇంటికొచ్చిన మూడోవారం కార్డు మీద 47 డాలర్లు పడ్డాయి. అందులో అసలు టోల్ 9 డాలర్లు కూడా లేదు, మిగతాదంతా వాళ్ళ రోజువారీ సర్వీస్ ఫీజు. కారు ఎక్కగానే ఆ మూత మూసి ఫొటో తీసుకోండి. మా ఆయన సగం వెనక్కి రాబట్టారు. మిగతా సగం కోసం ఇంకా మెయిళ్ళు నడుస్తున్నాయి, ఇప్పుడు వాటిని నేనే రాస్తున్నాను.