కారప్పొడి కోసమే ఆ హోటల్‌కి వెళ్తాం

గుంటూరు బ్రాడీపేటలో మా స్నేహితులందరం కాలేజీ రోజుల నుంచీ వెళ్ళే పాత టిఫిన్ హోటల్ ఒకటుంది. ఇందులో ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. ఇడ్లీ మెత్తగా ఉంటుందా, సాంబార్ ఎలా ఉంటుంది, ఎన్నింటికి తెరుస్తారు, ఇవన్నీ ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. నేను రాయాలనుకున్నది వాళ్ళ కారప్పొడి గురించే.

విజయవాడ బాబాయ్ హోటల్ పేరెత్తితే ఇడ్లీ మీద వెన్న గుర్తొస్తుంది. మా హోటల్లో వెన్న లేదు. వేడి ఇడ్లీ పక్కన పొడి కుప్పగా పోస్తారు. మధ్యలో వేలితో గుంట చేస్తే సర్వర్ చిన్న గరిటెతో నెయ్యి పోస్తాడు. కలిపితే పొడి మరీ జారిపోకుండా, ఇడ్లీకి అంటుకునేంతవరకే తడుస్తుంది. నోట్లో పెట్టుకోగానే వేయించిన శనగపప్పు తగులుతుంది, ఆ వెనకే ధనియాలు, జీలకర్ర, కాస్త చింతపండు పులుపు. కారం అన్నిటికంటే చివర్న వస్తుంది. వచ్చి నాలుక మీదే ఉంటుంది, గొంతుకి పోదు. గుంటూరు కారం అంటే కళ్ళలో నీళ్ళు తెప్పించేదని బయటి ఊళ్ళవాళ్ళు అనుకుంటారు. మంచి కాయతో కొట్టిన పొడి అలా చేయదు. రెండో ప్లేటు చెప్పాలనిపించేలా చేస్తుంది.

మా నలుగురిలో ఒకడిది ప్రత్తిపాడు వైపు పల్లె. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ మిరప వేస్తున్నారు. ఈ పొడి ఎందుకంత బాగుంటుందో మాకు విడమరిచి చెప్పింది వాడే. మిరపకాయలో రంగు వేరు, ఘాటు వేరు. బాడిగ రకం కాయలో రంగు బాగా ఉంటుంది, ఘాటు తక్కువ. తేజలో ఘాటు చాలా ఎక్కువ. గుంటూరు సన్నానికి రెండూ సరిపడా ఉంటాయి, పైగా తోలు మందం, అందువల్ల పొడికి కండ వస్తుంది. భౌగోళిక గుర్తింపు వచ్చిన కాయ అది. ఈ హోటల్లో ఏళ్ళ తరబడి సన్నం తప్ప వేరే కాయ వాడలేదట. తొడిమలు తీయించి, ఎండలో ఇంకోసారి ఎండబెట్టి, అప్పుడు మరకి పంపేవాళ్ళు. తొడిమ ఉంచేస్తే బరువు కలిసొస్తుంది కానీ పొడికి గడ్డి వాసన పడుతుంది. అంత శ్రద్ధ ఉన్న చోటు కాబట్టే 2022లో జరిగింది నాకింకా మనసులోంచి పోలేదు.

ఉగాది మర్నాడు, ఆదివారం. చెన్నైలో స్థిరపడ్డ మావాడు రైల్లోంచే ఫోన్ చేసి "ఎక్కడికీ వద్దురా, తిన్నగా హోటల్‌కే పోదాం" అన్నాడు. వాడికి అక్కడ మంచి ఇడ్లీకి లోటేం లేదు, ఈ పొడి మాత్రం దొరకదు. కరోనా వల్ల అంతకుముందు రెండు ఉగాదులూ కలవలేకపోయాం. అందరం పిల్లల్లా ఉత్సాహంగా కూర్చున్నాం. ప్లేట్లు వచ్చాయి. ఎర్రగా ఉండాల్సిన పొడి మట్టి రంగులో ఉంది. నెయ్యి పోసి కలిపాక ఇంకా నల్లబడింది. మొదటి ముద్దకే గొంతు పట్టేసింది. పప్పు రుచి, పులుపు ఏదీ తెలియలేదు, ఉట్టి మంట. చెన్నైవాడు ఏమీ అనకుండా పొడిని పక్కకి నెట్టి ఇడ్లీ చట్నీలో ముంచుకున్నాడు. అంత దూరం నుంచి దీని కోసమే వచ్చినవాడు అలా తింటుంటే చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

ప్రత్తిపాడువాడు చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇందులో తాలు కలిసిందిరా" అన్నాడు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. గుంటూరు మిర్చి యార్డులో దాన్ని వేరేగా అమ్ముతారు, మంచి కాయతో పోలిస్తే ధర బాగా తక్కువ. నేను సర్వర్‌ని పిలిచి "బాబాయ్, పొడి మారిందేంటి?" అని అడిగాను. ఆయన మమ్మల్ని కాలేజీ రోజుల నుంచీ ఎరుగును. "మారింది నాయనా, నేనేం చెప్పను, అయ్యగారినడగండి" అని తల దించుకున్నాడు.

గల్లా దగ్గర ఓనర్ దాచలేదు. "మంచి కాయ నేను కొనే ధరలో లేదు బాబూ. ప్లేటు మీద పది రూపాయలు పెంచితే జనం రారేమోనని భయపడి కలిపాను" అన్నాడు.

ఆయన చెప్పిన ఇబ్బంది అబద్ధం కాదు. 2021 చివర్లో గుంటూరు చుట్టుపక్కల మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. అది పూతలో చేరి రసం పీల్చేస్తుంది. పూత రాలిపోతుంది, నిలిచిన కాయ వంకర తిరిగిపోతుంది. ఏ మందుకీ లొంగక ఎంతోమంది రైతులు తోటలు పీకేశారు, దున్నేశారు. మావాడి చేను కూడా పోయింది. అయినా ఆ రోజు గట్టిగా మాట్లాడింది వాడే. "పది పెంచండి, ఇస్తాం. లేదంటే ఈ ఏడు పొడి లేదని చెప్పండి. ఇది మాత్రం పెట్టకండి" అన్నాడు. ఇప్పటికీ నాదీ అదే మాట. వేరే హోటల్ ఇలా చేసి ఉంటే పట్టించుకునేవాణ్ణి కాదు. కారప్పొడితోనే పేరు తెచ్చుకున్న చోటు అందులోనే కల్తీకి ఒప్పుకోవడం క్షమించడం కష్టం.

ఆ తర్వాత చాలాకాలం అక్కడికి వెళ్తే పెసరట్టుతో సరిపెట్టుకున్నాం. ధర పెంచారు, తాలు పోయింది. కానీ సన్నంతో పాటు తేజ కలపడం మొదలైంది, మావాడు నాలుక మీద పెట్టుకోగానే చెప్పేశాడు. బాగానే ఉండేది, కానీ ఘాటు ముందే వచ్చేసేది.

మళ్ళీ పాత రుచి దొరికింది 2025లో. ఆ ఏడు మొదట్లో యార్డులో మిర్చి ధర ఘోరంగా పడిపోయింది. రైతులు రోడ్డెక్కారు. ఫిబ్రవరిలో కేంద్రం, ధర పడిపోయినప్పుడు రైతుని ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించింది. మావాడు దానికి కోత కూలి కూడా గిట్టుబాటు కాదన్నాడు. హోటల్ ఆయన మాత్రం అదే సమయంలో ఏడాదికి సరిపడా సన్నం కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టించాడు. వేసవిలో నలుగురం వెళ్తే ప్లేటులో ఎప్పటి ఎరుపు, ఎప్పటి వాసన. చెన్నైవాడు మూడుసార్లు పొడి వేయించుకున్నాడు. ప్రత్తిపాడువాడూ తిన్నాడు, "సన్నమే, మంచి కాయ" అన్నాడు, ధర గురించి ఇంకేం మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ రోజు సంతోషమూ, వాణ్ణి చూసి ఇబ్బందీ రెండూ ఉన్నాయి. ఇంత మంచి పొడి మాకు దొరికింది వాడికి నష్టం వచ్చిన ఏడే.

ఒకప్పుడు ఎవరడిగినా "ఏ రోజు వెళ్ళినా అదే రుచి" అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఫిబ్రవరి నుంచి జూన్ లోపు వెళ్ళమంటున్నాను. కొత్త కాయ వచ్చే రోజులవి, వానలు పడ్డాక పొడికి చెమ్మ పట్టి వాసన తగ్గుతుంది. నెయ్యి గురించి కూడా గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు గరిటె చిన్నదైంది, రెండోసారి అడిగితే బిల్లులో వేస్తారు. నెయ్యి మంచిదే.

నేను గుంటూరు కారం తిని పెరిగినవాణ్ణి, నాకు ఎక్కువ అనిపించనిది వేరేవాళ్ళకి మంట కావచ్చు. గ్యాస్, అల్సర్ ఉన్నవాళ్ళకీ, చిన్నపిల్లలకీ నేను చెప్పను. మా ఆవిడకి ఆ పొడి నచ్చదు, ఆమెది రాజమండ్రి. ఒక్కణ్ణే వెళ్ళినప్పుడు నాకే అంత బాగుండదు, కాబట్టి నా మార్కుల్లో స్నేహితుల వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ఆదివారం ఎనిమిది దాటితే నిలబడి తినాలి. మామూలు రోజు ఏడింటికి వెళ్ళండి, కూర్చోగానే పొడి కాస్త రుచి చూపించమనండి, ఏమీ అనుకోరు. ఎర్రగా ఉండి, గొంతు పట్టకపోతే నెయ్యి చెప్పండి. ఇంటికి పొట్లాలు కూడా అమ్ముతారు, నూరు గ్రాములకి మించి కొనకండి, రెండు వారాలు దాటితే వాసన ఉండదు.