ఒకే నర్సరీ నుంచి తామర, కలువ

కడియపులంకలోని ఒక నర్సరీ నుంచి తామర దుంపను, నీలి కలువ మొక్కను తెప్పించుకుని, వేసవి మొదలుకొని మిద్దె మీద పెంచిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. మొక్కల నాణ్యత బాగానే ఉంది గానీ, రెంటికీ కలిపి ఒకే సూచనల కాగితం పంపడం సరికాదు.

పైకి ఒకేలా కనిపించినా ఇవి చాలా దూరపు జాతులు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ సైతం తామరను కలువ ప్రజాతిలోనే (దగ్గరి జాతుల సమూహాన్ని ప్రజాతి అంటారు) చేర్చగా, 1763లో ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త అడాన్సన్ దానికి వేరే ప్రజాతిని ఏర్పరచాడు. వరి వంశమూ మామిడి వంశమూ విడిపోవడానికి ముందే కలువ వంశం వేరుపడిందని, తామర మామిడి వైపు వంశానిదని నేటి వర్గీకరణ చెబుతోంది కనుక, తామరకు కలువ కన్నా మామిడి చెట్టే దగ్గరి చుట్టమన్నమాట.

కొనేటప్పుడు పువ్వును చూసి పోల్చుకోవడం కష్టం, ఎందుకంటే నర్సరీల్లో దొరికే నీలి కలువలు కూడా నీటికి పైనే పూస్తాయి. లేత తామరాకులు మొదట్లో కలువాకుల్లాగే నీటి మీదే తేలుతాయి కాబట్టి ఆ గుర్తూ పనికిరాదు. ఆకు అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటే కలువ. చీలిక లేకుండా, కాడ ఆకు నడిమధ్యన అతుక్కుని, పోసిన నీరు ముత్యాల్లా జారిపోతే తామర.

పెంపకంలోనూ తేడా పెద్దదే. తామరకు రంధ్రం లేని వెడల్పాటి గుండ్రటి టబ్బు, చెరువు మట్టి, రోజులో ఎక్కువ భాగం ఎండ కావాలి. మూలలున్న తొట్టిలో నాటితే పాకే దుంప కొన మూలలో ఇరుక్కుంటుంది. చలికాలంలో ఆకులు ఎండిపోతే మొక్క చచ్చిందని పారేయకూడదు, దుంప మట్టిలో బతికే ఉంటుంది. ఇంత శ్రమకు ఫలితం పువ్వే: వికసించే రోజుల్లో అది తన వేడిని తానే పుట్టించుకుని 30 నుంచి 35 డిగ్రీల మధ్య నిలుపుకుంటుంది. రేకులు రాలాక మిగిలే గింజల బుట్ట కూడా నాకు పువ్వంత ఇష్టం. కలువను చిన్న కుండీలో నాటి నీళ్ల తొట్టిలో దించితే చాలు.

ప్యాకింగు మాత్రం నిరాశపరిచింది. తడి కాగితంలో చుట్టిన తామర దుంపకు ఉన్న రెండు మొలక కొనల్లో ఒకటి విరిగి వచ్చింది. మిగిలినది చిగురించింది గనుక సరిపోయింది. బాల్కనీ మాత్రమే ఉన్నవారు ఇక్కడ కలువను నిశ్చింతగా తెప్పించుకోవచ్చు. తామర కావలసినవారు ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్వయంగా వెళ్లి, కొనలు చూసి ఎంచుకోవడం మంచిది.