నిజాం 1869 ఒక అణా స్టాంపులు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? డబ్బు కొట్టే ముందు ఇది చదవండి

అన్నలూ తమ్ముళ్ళూ, పాత స్టాంపులు పోగేసేవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. హైదరాబాద్ స్టేట్ మొట్టమొదటి స్టాంప్ ఉంది కదా, 1869లో వచ్చిన ఒక అణా, ఆలివ్ గ్రీన్ కలర్‌ది, దాని బ్లాక్ ఆఫ్ ఫోర్ (విడదీయకుండా కలిసి ఉన్న నాలుగు స్టాంపులు) "మింట్, ఒరిజినల్, లైఫ్‌టైమ్ గ్యారంటీ" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నాడు ఒకాయన. మింట్ అంటే వాడకుండా, వెనక గమ్‌తో ఉన్నది. నేను 9 వేలు పెట్టి తీసుకున్నా. వచ్చింది 1869ది కాదు. వెనక్కి తీసుకోమంటే ముందు కథలు చెప్పాడు, తర్వాత దబాయించాడు, ఆ తర్వాత బ్లాక్ చేశాడు. పేరు రాయట్లేదు, రాసినా లాభం లేదు, పేర్లూ నంబర్లూ మార్చుకుంటూ తిరిగే మనిషి, వాడి పేరు కన్నా వాడి పద్ధతి తెలిస్తే మీకు పనికొస్తుంది.

అసలు సంగతేంటంటే, పార్సిల్ విప్పగానే స్టాంప్ చూడటానికి బాగానే ఉంది. భూతద్దం పెట్టినా గీతలు నీట్‌గా ఉన్నాయి, వేలితో మెల్లగా తడిమితే సిరా గట్టులా తగులుతోంది. మామూలుగా జెరాక్స్ టైపు నకిలీ అయితే ఇక్కడే దొరికిపోతుంది, ఎందుకంటే ఈ స్టాంప్ లండన్‌లో చెక్కిన ప్లేటుతో రీసెస్ పద్ధతిలో అచ్చేసింది, అంటే లోహం మీద గీతలు లోపలికి చెక్కి, అందులో సిరా నింపి, కాగితాన్ని గట్టిగా అదిమితే సిరా పైకి లేచి నిలబడుతుంది. ఇప్పటి ప్రింటర్‌తో కొట్టినవాటికి ఆ గట్టు రాదు, చప్పగా ఉంటాయి. నాకొచ్చినదానికి గట్టు ఉంది. యూవీ టార్చ్ వేశా, కాగితం మెరవలేదు, ఇది కూడా పాసే. ఈ కాలం కాగితాల్లో తెల్లదనం కోసం కెమికల్ కలుపుతారు కాబట్టి యూవీ కింద నీలంగా వెలిగిపోతాయి, పాత కాగితం డల్‌గా ఉండిపోతుంది. ఇక్కడిదాకా చాలామంది ఆగిపోతారు, ఆగి ఆల్బమ్‌లో పెట్టేసుకుంటారు.

పర్ఫరేషన్ గేజ్, అంటే స్టాంప్ అంచుల పళ్ళు లెక్కపెట్టే కొలబద్ద, పెట్టాక బయటపడింది. 1869 ఒరిజినల్‌కి పర్ఫరేషన్ పదకొండున్నర, అంటే 2 సెంటీమీటర్లకి పదకొండున్నర పళ్ళు. నాకొచ్చినదానికి పన్నెండున్నర! నాలుగు వైపులా కొలిచినా అంతే. కాగితం కూడా తెల్లగా, కాస్త కరకరలాడుతూ ఉంది. ఇది 1880లో వేసిన రీప్రింట్, అంటే అదే స్టాంప్‌ని తర్వాత మళ్ళీ అచ్చేసినది. ఆ రీప్రింట్ల గుర్తులే అవి, తెల్ల కాగితం, పన్నెండున్నర పర్ఫరేషన్. అంటే నిన్నామొన్న ఎవడో ఇంట్లో కూర్చుని చేసిన దొంగ సరుకు కాదు, పాత డిజైనే, అదే రీసెస్ అచ్చు, దాదాపు నూటయాభై ఏళ్ళ కాగితం, అందుకే భూతద్దానికీ దొరకదు, యూవీకీ దొరకదు. పట్టించేది పళ్ళ లెక్క, కాగితం, అంతే.

రీప్రింట్ కొనడం తప్పేం కాదు, నా దగ్గరా ఉన్నాయి, రీప్రింట్ అని రాసి రీప్రింట్ రేటుకి అమ్మితే ఎవరూ ఏమీ అనరు. దాన్నే 1869 ఒరిజినల్ అని చెప్పి అమ్మడం మోసం.

ఇదే మాట అడిగితే ఆయన సమాధానం వినండి: "సార్, నూటయాభై ఏళ్ళ కాగితం సార్, వాతావరణానికి ముడుచుకుంటది, అందుకే మీకు లెక్క ఎక్కువొస్తాంది." అబ్బో! పదకొండున్నర పన్నెండున్నర అవ్వాలంటే కాగితం వందకి ఎనిమిది వంతులు ముడుచుకోవాలి, అంత ముడుచుకుంటే దాని మీద అచ్చు ఎలా ముడుచుకోకుండా ఉంటుంది, బొమ్మ సైజు స్కేల్ పెట్టి కొలిస్తే ఒరిజినల్‌తో సమానంగానే ఉంది మరి. ఆ మాట అంటే టాపిక్ మార్చేసి, పాతబస్తీలో ఒక నవాబు గారి దేవిడీ (పాత భవనం) ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలో దొరికాయనీ, ఉస్మాన్ అలీ ఖాన్ గారు దగ్గరుండి వేయించిన స్టాంపులనీ ఒక వాయిస్ మెసేజ్. ఉస్మాన్ అలీ ఖాన్ పుట్టిందే 1886లో బాబూ. 1869లో గద్దె మీద ఉన్నది వాళ్ళ నాన్న మహబూబ్ అలీ పాషా, అప్పటికి ఆయనా పసివాడే, వ్యవహారమంతా సాలార్ జంగ్ చూసేవాడు. చరిత్ర తెలియనంత మాత్రాన సరుకు చెడ్డదని నేననను, హైదరాబాద్ పాత సామాన్ల సంత జుమ్మెరాత్ బజార్‌లో అక్షరం ముక్క రానివాళ్ళ దగ్గర కూడా మంచి స్టాంపులు దొరుకుతాయి, కానీ వాళ్ళు దేవిడీల కథ చెప్పి రేటు పెంచరు.

ఇంకొకటి గమనించండి, ఇది మరీ ఘోరం. గ్రూపులో పెట్టిన ఫోటో, నాకు పంపిన బ్లాక్, రెండూ ఒకటి కాదు. ఫోటో జూమ్ చేసి చూస్తే కింది వరసలో కుడి చివరి పన్ను సగం విరిగి ఉంది, ఎడమ పక్క మధ్యలో ఒక పన్ను వంకరగా ఉంది. నాకొచ్చినదానికి పళ్ళన్నీ దువ్వెనలా నిండుగా ఉన్నాయి. అంటే ఎక్కడిదో ఒరిజినల్ ఫోటో చూపించి చేతికి రీప్రింట్ ఇస్తున్నాడు. కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ఫోటో సేవ్ చేసుకోండి, పార్సిల్ విప్పేటప్పుడు కట్ లేకుండా వీడియో తీయండి, వచ్చిన స్టాంప్ పళ్ళూ ఫోటోలో పళ్ళూ ఒక్కొక్కటిగా పోల్చండి. పర్ఫరేషన్ పళ్ళు, మరకలు, బొమ్మ అంచుకీ పంటికీ మధ్య గ్యాప్, ఇవి ఏ రెండు స్టాంపులకీ అచ్చుగుద్దినట్టు ఉండవు.

కొనే ముందు అడగాల్సింది కూడా చెప్తా. స్టాంప్ పక్కనే స్టీల్ స్కేల్ పెట్టి నిటారుగా పైనుంచి తీసిన ఫోటో అడగండి, 2 సెంటీమీటర్లలో పళ్ళు మీరే లెక్కపెట్టుకోవచ్చు, గేజ్ కూడా అక్కర్లేదు. వెనక వైపు ఫోటో తప్పనిసరి. మింట్ అంటున్నాడు కాబట్టి గమ్ చూడాలి, పాత స్టాంప్‌కి కొత్తగా గమ్ పూస్తే పంటి చివర్ల దాకా ఆ గమ్ పాకి పళ్ళు గట్టిగా, కోసుగా తగులుతాయి, మామూలుగా చింపిన పంటికి చివర్న మెత్తగా నూగులా పీచు ఉంటుంది. వెనక ఫోటో అడిగితే "సార్ స్టాక్‌బుక్‌లోంచి తీస్తే డ్యామేజ్ అవుతది" అనేవాడికి దండం పెట్టి వచ్చేయండి.

ఇదే స్టాంప్ రీప్రింట్లు వేరే వేరే రంగుల్లో కూడా వేశారు. వాటిని "కలర్ ట్రయల్" (రంగు పరీక్షకి వేసిన అచ్చు), "ప్రింటింగ్ ఎర్రర్", "ఇండియాలో రెండే ఉన్నాయి" అని అమ్ముతున్నారు. ఒక అణా ఆలివ్ గ్రీన్ కాకుండా ఇంకో రంగులో కనిపిస్తే ముందు రీప్రింట్ అనే అనుకోండి.

దీని తర్వాత లోకల్‌గా చెక్కించిన అర అణా బ్రౌన్, రెండు అణాల సేజ్ గ్రీన్ ఉన్నాయి, వాటి విషయంలో మనవాళ్ళు ఉల్టా పొరపాటు పడుతున్నారు. ఆ స్టాంపులు ప్లేటు మీద 240 కూడా విడివిడిగా చెక్కారు, అంటే ఒక్కోదానికీ అక్షరాల వంపులో, గీతల్లో చిన్న తేడా ఉండి తీరుతుంది. నెట్‌లో ఉన్న బొమ్మతో కలవట్లేదని మంచి స్టాంప్‌ని నకిలీ అని పక్కన పడేసినవాళ్ళని చూశా, ఇంకొకళ్ళు అచ్చు ఒకేలా ఉన్న పది స్టాంపులు చూసి "ఎంత క్లీన్‌గా ఉన్నాయో" అని కొనుక్కున్నారు. పదీ ఒకేలా ఉంటేనే అనుమానపడాలి అక్కడ! వీటికీ పన్నెండున్నర పర్ఫరేషన్ రీప్రింట్లు ఉన్నాయి, కొలవకుండా తీసుకోవద్దు.

నిజాం సర్వీస్ స్టాంపులు, అంటే ప్రభుత్వ ఆఫీసుల వాడకానికి, ఉర్దూలో "సర్కారీ" అని ఓవర్‌ప్రింట్ (అచ్చైన స్టాంప్ మీద మళ్ళీ కొట్టిన అక్షరాలు) ఉన్నవి, మామూలు స్టాంప్ కన్నా రేటు ఎక్కువ పలికే రకాలున్నాయి కాబట్టి మామూలుదాని మీద ముద్ర కొట్టి అమ్మేస్తారు. వాడిన స్టాంప్ అయితే భూతద్దంలో ఒక్క చోట చూడండి, ఓవర్‌ప్రింట్ సిరా, పోస్టాఫీసు ముద్ర సిరా ఒకదాన్నొకటి దాటే చోట. ముందు ఓవర్‌ప్రింట్ పడాలి, దాని మీద పోస్టల్ ముద్ర పడాలి. సర్కారీ అక్షరం పోస్టల్ ముద్ర పైనుంచి పోతుంటే అది ఉత్తరం మీదికి వెళ్ళొచ్చాక ఎవడో కొట్టినదే.

ఆ మనిషి నాకు ఆఫర్ ఇచ్చిన మిగతా సరుకు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అవే ఇప్పుడు మీ గ్రూపులకి వస్తాయి. గాంధీ గారి పది రూపాయల స్టాంప్, 1948 ఆగస్టు 15న వచ్చినది, దాని మీద సర్వీస్ అని ఓవర్‌ప్రింట్ ఉన్నది, "లక్షన్నరకి ఇస్తా, మీకు కాబట్టి". గవర్నర్ జనరల్ ఆఫీసు వాడకం కోసం 100 మాత్రమే అలా ఓవర్‌ప్రింట్ చేశారు. 2017లో ఆ స్టాంపులు నాలుగు కలిసి ఉన్న స్ట్రిప్ 5 లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. అలాంటిది వాట్సాప్‌లో లక్షన్నరకి వస్తుందా, ఆలోచించండి. ఓవర్‌ప్రింట్ సంగతి వదిలేయండి, అసలు ఆ పది రూపాయల స్టాంపుకే నకిలీలు బోలెడు. ఒరిజినల్ స్విట్జర్లాండ్‌లో కూర్వోసియే కంపెనీ ఫొటోగ్రావూర్ అనే అచ్చు పద్ధతిలో వేసింది, భూతద్దంలో గాంధీ గారి చెంప మీద చూస్తే రంగు నునుపుగా, సన్నటి జల్లెడ లాంటి గళ్ళతో ఉంటుంది. నకిలీలో అదే చెంప మీద రంగు రంగుల చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి, పేపర్లో ఫోటో దగ్గరగా చూసినట్టు. ఈ నకిలీ యూవీకి కూడా దొరుకుతుంది, చాలావరకు.

1854 ఈస్టిండియా కంపెనీ కాలం నాలుగణాలు, విక్టోరియా రాణి తలకాయ తిరగబడ్డది కూడా ఉందట ఆయన దగ్గర, అదీ వాడనిది, నాలుగు పక్కలా మార్జిన్‌తో చతురస్రంగా! ఆ స్టాంప్ కలకత్తాలో రాతి అచ్చు మీద వేసింది, చట్రం ఎరుపు, తల నీలం, రెండు సార్లు అచ్చుకి వెళ్ళాలి, అందుకే ఆ తప్పు జరిగింది. ఇప్పటిదాకా బయటపడ్డవి కొన్నే, అవన్నీ వాడినవి, ఎక్కువ భాగం ఎనిమిది మూలల ఆకారంలో కత్తిరించినవి. వాడనిది తెలిసి ఒక్కటీ లేదు. సిందే డాక్, అంటే సింధ్ ప్రాంతపు పాత తపాలా స్టాంప్, దాంట్లో ఎర్రది "పర్‌ఫెక్ట్ కండిషన్ మూడు పీసులు" అని ఇంకో మెసేజ్. 1852లో కరాచీలో వచ్చిన ఆ ఎర్రది లక్క లాంటి పదార్థంతో చేసింది, ముట్టుకుంటే పగిలే రకం, అందుకే దాన్ని ఆపేసి కాగితం మీద తెల్లది, నీలంది తెచ్చారు. చెక్కుచెదరనివి మూడు ఒకడి దగ్గర ఉంటే ఆయన వాట్సాప్‌లో ఎందుకుంటాడు, లండన్ వేలంలో ఉంటాడు.

1854 అర అణా, ఒక అణా మామూలువి కొనేవాళ్ళకి ఒక మాట, వాటి కాగితంలో కంపెనీ చిహ్నం వాటర్‌మార్క్ (కాగితంలోనే కలిసిపోయిన గుర్తు) ఉంటుంది, కానీ అది షీటు మొత్తానికి పరుచుకున్న పెద్ద బొమ్మ, ఒక్కో స్టాంప్ మీద ఏదో ముక్క గీతే పడుతుంది. నల్ల ట్రేలో బోర్లా పెట్టి రెండు చుక్కలు లైటర్ ఫ్లూయిడ్ వేస్తే కనిపిస్తుంది, దీపం దగ్గర మాత్రం చేయొద్దు. చిన్న స్టాంప్ మీద చిహ్నం మొత్తం బుల్లిగా, ముద్దుగా కనిపించిందంటే అది దొంగది.

సర్టిఫికెట్ తీసుకోవచ్చు కదా అంటారు. లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ లాంటి వాళ్ళ ఎక్స్‌పర్ట్ కమిటీలు ఫీజు తీసుకుని చూసి రాసిస్తాయి, గాంధీ సర్వీస్ లాంటి వాటికి అది లేకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. కానీ నిజాం ఒక అణా విడిగా తీసుకుంటే అంత ఖరీదైన స్టాంపేం కాదు, సర్టిఫికెట్‌కి అయ్యే ఖర్చు స్టాంప్ కన్నా ఎక్కువ, పంపడం, తెప్పించడం అదనం. అందుకే ఈ మోసగాళ్ళు లక్షల స్టాంపుల్లో కన్నా ఈ రెండు వేలు, పది వేల రేంజ్‌లోనే బాగా ఆడుకుంటున్నారు, ఎవరూ సర్టిఫికెట్ అడగరు, పోతే ఎవరూ కేసు పెట్టరు. సెల్లర్ తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చే "ఆథెంటిసిటీ సర్టిఫికెట్" మాత్రం చిత్తుకాగితం, నాకూ ఒకటి వచ్చింది, మెరిసే స్టిక్కర్‌తో సహా.

చట్టం సంగతి చూస్తే నవ్వొస్తుంది, నకిలీ తపాలా స్టాంపులు తయారుచేయడం, అమ్మడం మీద పాత ఐపీసీలో 263ఏ అని సెక్షన్ ఉండేది, జరిమానా ఎంతో తెలుసా, 200 రూపాయల దాకా! కాబట్టి ఆ దారి కన్నా డబ్బు దారి మేలు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి మోసపోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేస్తే అకౌంట్లో డబ్బు ఉండదు. వస్తువు విషయంలో వివాదం అయితే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. నేను రెండూ చేశా, చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు, పార్సిల్ వీడియో అన్నీ ఇచ్చా, ఇంకా నడుస్తోంది. యూపీఐలో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీకి పంపినట్టు పర్సనల్ నంబర్‌కి కొట్టమన్నాడు, బిల్లు ఇవ్వలేదు. మీరు బిల్లు మీద "హైదరాబాద్ 1869, ఒక అణా, పర్ఫరేషన్ 11½, ఒరిజినల్, రీప్రింట్ కాదు, తేడా ఉంటే వాపసు" అని రాసివ్వమని అడగండి, ఇంత రాయడానికి ఒప్పుకోనివాడి దగ్గర బేరమే వద్దు.

కింది వరస కుడి చివరి పన్ను సగం విరిగిన ఆ బ్లాక్ ఫోటో ఈ వారం ఇంకో పేరుతో, ఇంకో గ్రూపులో మళ్ళీ తిరుగుతోంది, ఈసారి రేటు 12 వేలు. మీకు వస్తే స్కేల్ పెట్టి ఫోటో అడగండి, ఏం చెప్పాడో నాకు మెసేజ్ పెట్టండి, కంప్లయింట్‌లో కలుపుతా.